రాయచెర్లు మీదుగా టాంజానియాకు

ఆమధ్య రాయచెర్లు వెళ్లాల్సిన పని పడింది. మా సంస్థలో ఈ ఏడాది కొత్తగా చేరినవాళ్లలో ఒక అమ్మాయికి ఇల్లు చూడాలి. ఇల్లంటే బాడుగ ఇల్లు కాదు, ఒక కుటుంబం. విదేశాల్లోని పల్లెల్లో పనిచేయడానికి వాలంటీర్లుగా వెళ్లేవాళ్లు ముందు కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పావగడ తాలూకాలోనే ఎవరో ఒకరి ఇంట్లో కొన్ని నెలలు ఇంటిమనిషిగా ఉండాలి. వాళ్లు తిన్నది తినాలి, వాళ్లు చేసే పని చేయాలి, వాళ్ల పక్కనే చాప పరుచుకోవాలి. ఆ తర్వాతే విమానం ఎక్కే మాట. ఒకప్పుడు నేనూ ఆ దారిన వెళ్లినదాన్నే. ఇప్పుడు ఆ శిక్షణ నడిపే పని నామీదే ఉంది కాబట్టి ఏటా ఇళ్లు వెతికే పని కూడా నాదే. అయినా రాయచెర్లుకు ఇంతవరకూ ఎవరినీ పంపలేదు. ఆ ఊళ్లో నేను అడగగలిగిన ఇల్లు ఒక్కటే ఉంది. నేను ఆ ఇంట్లో ఉన్న రోజుల్లోనే వాళ్లు తమ మందను అమ్ముకున్నారు. మళ్లీ ఇంకొకరిని మీ ఇంట్లో పెట్టుకోండని అడగడానికి నాకు నోరు రాలేదు. ఈ ఏడు తెలిసిన ఇళ్లన్నీ నిండిపోయి, ఇంక తప్పక బయల్దేరాను.

షేర్ ఆటో దిగేసరికి ఊరికి దారి చీలే క్రాసు దగ్గర గంగమ్మ స్కూటీ మీద ఒక కాలు కింద మోపి నిలబడి ఉంది. నేనున్న ఆ ఇంటి పెద్దావిడ ఓబమ్మవ్వకు కోడలు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నన్ను చూడగానే, "ఏం సుజాతా, పావగడలో నీడ ఎక్కువైనట్లుండాదే, తెల్లగైపోయినావు" అంది. వెనక కూర్చున్నాను. రోడ్డుకు రెండు పక్కలా ఇనుప కంచె, కంచె వెనక సోలార్ పలకలు, కంటికి ఆనినంత మేరా ఒకే వాలులో. ఇదివరకు ఇక్కడ రేగుచెట్లు ఎక్కడుండేవో, ఉలవలు ఎక్కడ చల్లేవాళ్లో, ఓబమ్మవ్వ ఏ బండమీద కూర్చొని వక్కాకు నమిలేదో గుర్తుపట్టాలని చూశాను. ఒక్క గుర్తూ దొరకలేదు. అవ్వ పోయి కూడా చాలాకాలమైంది. గంగమ్మ బండి నడుపుతూనే ఊరి సంగతులన్నీ గాలికి మాటలు కొట్టుకుపోతున్నా ఆపకుండా చెప్పుకుపోతోంది. నేను సగం విని సగం వదిలేస్తూ, మొదటిసారి ఇదే దారిన నడిచి వచ్చిన రోజును తలుచుకున్నాను.

నాది మంగళవాడ. మా నాయన చెనిక్కాయలు, అంటే వేరుశనగ, వేసే రైతు. వాన వచ్చిన ఏడు పంట, రాని ఏడు సంగతి అప్పుడే చూసుకోవడం. నేను పావగడ కాలేజీలో డిగ్రీ చేసి, ఏ ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో కూర్చున్న రోజుల్లో శారదా మేడం పరిచయమైంది. ఆమె తుమకూరు మనిషి, ఇంట్లో కన్నడం. టాంజానియాలో ఏళ్ల తరబడి గొర్రెలూ మేకలూ కాసే ఆడవాళ్ల మధ్య పనిచేసి వచ్చింది. జుట్టు మగపిల్లల మాదిరి కత్తిరించుకుని, కాటన్ చీర కట్టుకుని, చెప్పులు టపటపలాడిస్తూ నడిచేది. మావంటి ఎండల ప్రాంతం నుంచి మనుషులు కావాలి, నీళ్లు లేకపోవడం అంటే ఏమిటో పుస్తకాల్లో చదవనక్కర్లేని వాళ్లు కావాలి అని ఆమె మా కాలేజీకి వచ్చి చెప్పింది. నేను ఆ మాటకే పడిపోయాను. ఇంట్లో చెప్పాను. అమ్మ, "గొర్లు చూసేదానికి అంతదూరం పోవల్లనా? ఈడ చెరువు కట్టమీదికి పోతే కనపడవా?" అంది. నవ్వుతూనే అంది కానీ ఆ నవ్వు వెనకాల ఏముందో నాకు తెలుసు.

శిక్షణ అంటే నేను ఏవేవో ఊహించుకున్నాను. బెంగుళూరో మైసూరో పంపిస్తారనుకున్నాను. మేడం నన్ను రాయచెర్లు పంపింది. మా ఊరి నుంచి ఆటో ఎక్కితే గంట కూడా పట్టని చోటు. అదే భాష, అదే రాగిసంగటి, అవే రాళ్లు. "ఇందులో నేను నేర్చుకునేది ఏముంది మేడం?" అని అడిగేశాను. "నోడమ్మా, చూడు," అందామె, "తెలియని ఊళ్లో ఎవరైనా కళ్లు తెరుచుకునే ఉంటారు. తెలుసనుకున్న ఊళ్లోనే మూసుకుంటారు. ముందు నువ్వు తెలిసిన చోట చూడటం నేర్చుకో." ఇంకో నియమం కూడా పెట్టింది. మొదటి నెలంతా ఆ ఇంట్లో ఎవరికీ ఏ సలహా ఇవ్వకూడదు. నీళ్లు కాచి తాగండని కూడా చెప్పకూడదు. చెప్పిన పని చేయాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. శిక్షణ ముగిసేదాకా మా ఊరికి వెళ్లకూడదు.

అవి సోలార్ పార్కు కట్టే రోజులు. పొద్దున లేస్తే లారీలు. ఇనుప స్తంభాలు, చుట్టలు చుట్టలుగా తీగలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా పొలం పహణీ పత్రాల మాట, లీజు మాట, ఎవరి సర్వే నంబరు కంచె లోపలికి వచ్చింది, ఎవరిది బయట మిగిలింది అన్న మాట. ఓబమ్మవ్వ కొడుకు నాగరాజప్ప కూడా పొలంలో ఎక్కువ భాగం లీజుకిచ్చాడు. వానను నమ్ముకునేకంటే అది మేలని ఊరంతా అనుకున్నట్లే అతనూ అనుకున్నాడు. ఒక చిన్న పొలం చెక్క మాత్రం కంచె బయట మిగిలింది. మంద మాత్రం ఇంకా ఉంది. గొర్రెలే ఎక్కువ, మేకలు కొన్ని. పూర్వం నుంచీ ఆ ఇంటివాళ్లు మందల వాళ్లే. సేద్యం మొదలుపెట్టింది తర్వాత.

ఇంటి గడప దాటుతూనే తగిలేది దొడ్డి వాసన. ఇంటికి ఆనుకునే ముళ్లకంప కట్టిన దొడ్డి, అందులో తడిసిన పెంటికల వాసన, పాల వాసన, గొర్రెల ఒంటి వెచ్చదనపు వాసన, దానిమీద తుమ్మకట్టెల పొగ. మొదటి రెండు రోజులు ముక్కు మూసుకునేదాన్ని. తర్వాత్తర్వాత పావగడలో క్లాసుకు వెళ్లి బస్టాండులో నిలబడ్డప్పుడు నా ఓణీ లోంచే ఆ వాసన వచ్చేది. పక్కనున్నవాళ్లు జరిగి నిలబడేవాళ్లు. నాకు మాత్రం అదొక తోడులా ఉండేది.

ఓబమ్మవ్వ తెల్లవారగానే మొహం కడుక్కోకముందే దొడ్డిలోకి వెళ్లేది. లెక్కపెట్టేది కాదు, ఊరికే చూసేది. మనం ఇంట్లో వాళ్లు ఎవరెవరు లేచారో చూసుకున్నట్లు. ఆమెకు ప్రతిదానికీ పేరుంది. ఆ పేర్లన్నీ చుట్టాలవే. ఎప్పుడూ గొణిగే మేకకు పెద్దాడబిడ్డ పేరు, ఎవరి మాటా వినని పొట్టేలుకు మరిది పేరు. ఆ మరిది ఎప్పుడైనా ఇంటికొచ్చి అరుగుమీద కూర్చుంటే అవ్వకు ఇరకాటం. పొట్టేలు వెళ్లి ఎవరి కంచెలోనో తల దూరుస్తుంది, పేరు పెట్టి తిట్టడానికి లేదు. "ఓయ్, నువ్వే, నిన్నే, ఇట్ల రా" అని అరిచేది. పాపం ఆయన తనను పిలిచిందనుకుని లేచి వెళ్లేవాడు. గంగమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఆ ఇంట్లో గంగమ్మ నవ్వడం నేను మొదట చూసింది ఆ ఒక్క సందర్భంలోనే.

ఎందుకంటే నేను వచ్చింది గంగమ్మకు ఇష్టం లేదు. అవ్వ ఒప్పుకుంది కాబట్టి ఊరుకుంది. నాకు పని చెప్పేటప్పుడు కూడా మొహం చూసేది కాదు. ఒకరోజు గొర్రెపిల్లలను గంపల కింద మూస్తూ అడిగేసింది. "నిజంగా చెప్పు. మా ఇంట్లో ఉండి నువ్వు నేర్చుకుండేది ఏంది? మేము ఎట్ల తింటాము, ఎట్ల పండుకుంటాము చూసేదానికి వచ్చినావా?" "మేడం ఉండమంది అక్కా" అన్నాను. "ఓహో, మేడం చెప్పిందా" అని గంప మీద రాయి పెట్టి వెళ్లిపోయింది.

పొద్దున పనులయ్యాక నేను పావగడ వెళ్లేదాన్ని. బాడుగకు తీసుకున్న మిద్దె ఇంట్లో మా క్లాసులు. స్వాహిలి భాష, పశువుల జబ్బులు, పాము కరిస్తే ఏం చేయాలి, జ్వరం వస్తే ఏం చేయాలి. మాకు స్వాహిలి నేర్పింది మేడమే. సాయంత్రం తిరిగొచ్చి దొడ్డి దగ్గర ఆ మాటలు వల్లె వేసుకుంటుంటే అవ్వ పక్కన కూర్చొని వినేది. నీళ్లను మాజి అంటారని, మేకను మ్బుజి అంటారని చెబితే, "బూజా? నోట్లో బూజు పట్టినట్లుండాది, మేకకు ఇంకేం పేరూ దొరకలేదా వాళ్లకు?" అని తెగ నవ్వింది. పెద్దవాళ్లు ఎదురుపడితే 'షికమూ' అనాలి, అది వాళ్ల దండం, దానికి పెద్దవాళ్లు 'మరహబా' అని బదులివ్వాలి అని చెప్పాను. ఆ మాట మాత్రం ఆమెకు పట్టుబడింది. మరునాటి నుంచి నేను లేవగానే "షికమూ అవ్వా" అనడం, ఆమె దొడ్డిలోంచి "మరబా, మరబా" అని కేకేయడం. చూడటానికి వచ్చిన వాళ్లకు ఆమె ఎంతో ధీమాగా చెప్పేది, "పెద్దోళ్లకు మర్యాద ఉండే దేశమమ్మా అది. పోనీ పిల్లను."

అయినా ఇంటిమీద బెంగ నన్ను వదల్లేదు. సముద్రాలు దాటాల్సినదాన్ని, మా ఊరి కొండ కనబడితే చాలు చేతిలో పని వదిలేసి అటే చూస్తూ నిలబడేదాన్ని. ఒక ఆదివారం ఇంక ఉండలేక సంచి సర్దుకుని ఎవరికీ చెప్పకుండా క్రాసు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మంగళవాడ వైపు వెళ్లే ఆటో వచ్చింది. ఒక కాలు లోపల పెట్టాను. అంతలో అవ్వ మందను తోలుకుంటూ రోడ్డుకు అడ్డంగా వచ్చింది. ఆటో ఆగిపోయింది. అవ్వ నన్ను చూసింది, నా చేతిలో సంచిని చూసింది. "యాడ చూస్తాండావు పాపా, మా ఆడబిడ్డ తోటలోకి పోతాండాది, పట్టు పట్టు" అని అరిచింది. సంచి కింద పడేసి ఆ మేక వెనక పరిగెత్తాను. దాని చెవి దొరకబుచ్చుకుని వెనక్కి తిరిగి చూసేసరికి ఆటో లేదు. సంచి అవ్వ భుజాన ఉంది. ఇల్లు చేరేదాకా ఆమె ఆ సంగతే ఎత్తలేదు. ఇంటికొచ్చాక నా పళ్లెంలో సంగటి ముద్ద పక్కన ఊరిమిండి ఎప్పటికంటే ఎక్కువ వేసింది. చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు రోట్లో నూరిన ఆ కారానికే కళ్లల్లో నీళ్లు వచ్చాయనుకుని గంగమ్మ మజ్జిగ పోసింది.

మేత తగ్గిపోతూ వచ్చింది. ఈ వారం ఒక దారి మూసుకుపోతే వచ్చే వారం ఇంకో దారి. మందను తోలుకుని నాగరాజప్ప దూరదూరాలు తిరిగేవాడు. గొర్రెలు కడుపులు నిండకుండానే ఇంటికి వచ్చేవి. అవ్వ వాటి డొక్కలు తడిమి చూసేది. చివరికి ఒకరోజు సంగటి తింటూ నాగరాజప్పే అన్నాడు. "ఇంక పెట్టుకోలేమమ్మా. పార్కులో సెక్యూరిటీ పని ఇస్తామంటాండారు. మందకు ఎవరు పోతారు? పోయినా యాడికి తోలేది?" గంగమ్మ, "ఒకటి రెండన్నా పెట్టుకుందాం అత్తా" అంది. అవ్వ తల అడ్డంగా ఊపింది. "ఒకటి రెండు పెట్టుకోని ఏం చేసేదే? మందలో పుట్టినవి. ఒంటిగా ఉంటే దిగులుకే చస్తాయి. పోతే అన్నీ పోనీ."

మందను కొన్నవాళ్ల టెంపో వచ్చిన పొద్దున అవ్వ బయటికి రాలేదు. వంటింట్లో కూర్చొని చాటలో రాగులు చెరుగుతూనే ఉంది. గొర్రెలు టెంపో ఎక్కకుండా మొరాయిస్తే, వచ్చినవాళ్లు కాళ్లు పట్టి ఈడవబోయారు. గంగమ్మ వాళ్లను పక్కకు నెట్టేసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి ఒక్కొక్కదాన్నీ తనే చేతుల్లోకి ఎత్తుకుని ఎక్కించింది. బరువుకు ఆయాసపడుతోంది, మొహమంతా చెమట, ఎవరినీ సాయం రానివ్వలేదు. నేను టెంపో తలుపు పట్టుకుని నిలబడ్డాను. నాకు అంతకు మించి చేతనైంది లేదు. బండి కదిలాక ఆమె చాలాసేపు ఖాళీ దొడ్డి పక్కన ఇంటి గోడకు వీపు ఆనించి అట్లాగే నిలబడింది.

ఆ మధ్యాహ్నం పావగడలో మా పాఠం ఏమిటంటే, కరువు ప్రాంతాల్లో ఆడవాళ్లు తమ మందను ఎట్లా పెంచుకోవచ్చు అని. సాయంత్రం ఇల్లు చేరేసరికి గంగమ్మ అరుగు మీద ఉంది. నా చంకలోని పుస్తకం వైపు చూసింది. "సముద్రం దాటి పోయి వాళ్లకు గొర్లు ఎట్ల పెంచల్లో చెప్తావంట కదా" అంది. "చెప్పు, చెప్పు. ఈడ మా దొడ్డి ఖాళీ అయ్యేదాకా చూసినావు కదా, బాగా నేర్చుకోనుంటావు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. అవ్వ లోపలి నుంచి "గంగా" అని ఒక్క మాట అంది. గంగమ్మ లేచి వెళ్లిపోయింది.

మరునాడు నేను మేడం దగ్గరికి వెళ్లి మానేస్తానని చెప్పాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లను అన్నాను. ఏడ్చాను కూడా. మేడం నన్ను ఓదార్చలేదు. కాఫీ కలిపి ఇచ్చి ఎదురుగా కూర్చొని అడిగింది.

"నువ్వు మానేస్తే ఆమె గొర్రెలు తిరిగొస్తాయా?"

"రావు."

"ఆమె అన్నదాంట్లో తప్పుందా?"

"లేదు."

"అయితే తిరిగి వెళ్లు. ఆమె నీతో మాట్లాడినా మాట్లాడకపోయినా పక్కనే ఉండు. టాంజానియాలో కూడా నువ్వు ఆపలేనివి జరుగుతాయి. వర్షం రాదు, జబ్బులొస్తాయి, మందలు పోతాయి. అప్పుడు నువ్వేం చేస్తావు? బస్సెక్కి వచ్చేస్తావా?"

కాఫీ తాగి మధ్యాహ్నం ఆటోకే తిరిగి వచ్చాను. గంగమ్మ దొడ్డిలో ఉంది. పార పట్టుకుని ఎరువు తవ్వుతోంది. ఏళ్ల తరబడి గట్టిపడిన ఎరువు, కంచె బయట మిగిలిన ఆ చిన్న చెక్కకు తోలుదామని. నేనూ ఒక గంప తీసుకున్నాను. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. ఆమె నింపడం, నేను మోయడం. కొన్ని రోజుల పాటు క్లాసు లేని వేళల్లా అదే పని. చేతులు బొబ్బలెక్కాయి. అవ్వ వచ్చి ఆముదం రాసి వెళ్లేది. మా ఇద్దరి మధ్య మాట లేదు. ఎరువంతా తోలి, నేల కనబడేదాకా ఊడ్చి, ఇద్దరం గోడ నీడన కూలబడ్డప్పుడు గంగమ్మే మొదలుపెట్టింది, నా వైపు చూడకుండానే.

"ఆడ గొర్లకు తోక లావుగా ఉంటాదంట కదా?"

"అవునక్కా. కొవ్వంతా తోకలో దాచుకుంటాయంట. మేత లేని రోజులకు."

"అవ్వకు చెప్తాంటే విన్యాను." పారకంటిన మట్టిని పుల్లతో గీకింది. "అంత తోకేసుకోని ఎట్ల ఈనుతాయి అవి? అడ్డం పడదా?"

నాకు తెలియదన్నాను. ఆమె నా వైపు తిరిగింది. "తెలుసుకోని చెప్పు" అంది. అంతే. ఆ రోజు నుంచి నేను క్లాసు నుంచి రాగానే ఆమె ఏదో ఒకటి అడిగేది. ఆ గొర్రెలకు ఉన్ని ఉంటుందా, వాటి పాలు పిండుతారా, ఆడవాళ్లు మందకు వెళతారా. నాకు తెలియనివి మేడాన్ని అడిగి వచ్చి చెప్పేదాన్ని. మేడానికి కూడా ఆ ప్రశ్నలంటే ఇష్టం ఏర్పడింది. "మీ గంగమ్మ ఇవాళ ఏమడిగింది?" అని తనే ముందు అడిగేది.

శిక్షణ చివరి రోజుల్లో నేను మోటార్ సైకిల్ నేర్చుకోవాలన్నారు. అక్కడి పల్లెల మధ్య బస్సులుండవు. నాగరాజప్ప కొత్తగా కొన్న బండి ఉంది, పార్కు కోసం వేసిన రోడ్లు ఖాళీగా, విశాలంగా ఉన్నాయి. ఆయన బండి వెనక పరిగెత్తుతూ "బ్రేకు, బ్రేకు, అమ్మా, అది బ్రేకు కాదు" అని అరిచేవాడు. గంగమ్మ రోడ్డు పక్క కాలువ మోరీ గట్టుమీద కూర్చొని చూసేది. మూడోనాడో నాలుగోనాడో గట్టు దిగి వచ్చి, "నాకొకసారి ఇయ్యి" అంది. నాగరాజప్ప నవ్వాడు. "నీకేలమ్మే బండి?" ఆమె నవ్వలేదు. "నీకేల ఉండాది? పోయేదానికే కదా. నాకూ పోవల్ల." చీర కుచ్చిళ్లు ఎగదోపి కూర్చుంది. మొదటిసారి తిన్నగా కంచెలోకి దూసుకుపోయింది. మోకాలు చీరుకుపోయింది. లేచి దులుపుకుని మళ్లీ ఎక్కింది. నేను ఊరు విడిచే నాటికి ఆమె నాకంటే బాగా నడిపేది. నన్ను సంచితో సహా మంగళవాడ దాకా దింపి వచ్చింది తనే. మా అమ్మ ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

టాంజానియాలో నేను రెండేళ్లు ఉన్నాను. ఆ కథ వేరే. మేడం చెప్పినట్లే వర్షం రాని కాలమూ చూశాను, ఒక్కొక్కటిగా గొర్రెలు పడిపోవడమూ చూశాను. నేను ఏమీ చేయలేని రోజుల్లో వాళ్ల పక్కన కూర్చున్నాను. సిగ్నల్ దొరికినప్పుడు అక్కడి గొర్రెల ఫోటోలు తీసి గంగమ్మకు పంపేదాన్ని. ఆమె వాయిస్ మెసేజ్ పెట్టేది. "ఆ నల్లమొగంది చూడు, దానికి కడుపు నిండలేదు, మొగం చూస్తేనే తెలుస్తాండాది" అనో, "ఆ పక్కనుండే ఆయమ్మ ఎవరు? మందను చూసే చూపు మా అత్త మాదిరే ఉండాది" అనో. వెనకాల అవ్వ గొంతు, "మరబా చెప్పే, మరబా చెప్పు." నేను తిరిగొచ్చిన మరుసటేడు అవ్వ పోయింది. నిద్రలోనే పోయింది, ఎవరికీ కష్టం పెట్టకుండా.

ఈసారి గంగమ్మ ఇంట్లో కూర్చుంటే ఇదంతా ఒక్కసారిగా కళ్లముందు తిరిగింది. బండల ఇంటి స్థానంలో ఇప్పుడు మిద్దె ఉంది. నున్నటి టైల్సు, ఫ్యాను, ఫ్రిజ్జు. ఇదివరకు బోరు నీళ్లు తాగి ఊళ్లో అందరి పళ్లూ పసుపెక్కేవి, ఇప్పుడు శుద్ధి చేసిన నీళ్ల క్యాను వంటింట్లో ఉంది. లీజు బాడుగ తప్పకుండా వస్తోంది. అప్పట్లో అమ్మమ్మ ఇంట్లో ఉండి బడికి వెళ్లిన కూతురు ఇప్పుడు తుమకూరులో నర్సింగు చదువుతూ హాస్టల్లో ఉంటోంది. నాగరాజప్ప యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళుతున్నాడు, ఎండలో మందల వెనక తిరిగినప్పటికంటే ఒళ్లు తేరాడు. ఇవేవీ చిన్న సుఖాలు కావు. వాన కోసం మొగులు చూస్తూ కూర్చున్న ఇంట్లో పుట్టినదాన్ని, వాటిని తీసిపారేసే మాట నా నోట రాదు. కానీ ఎంతసేపు కూర్చున్నా నాకు ఏదో తక్కువగా అనిపిస్తూనే ఉంది. చివరికి తెలిసింది. ఆ ఇంట్లో ఏ వాసనా లేదు. ఊళ్లోనే లేదు. భూమి ఉన్నవాళ్లకు బాడుగైనా వచ్చింది; భూమి లేకుండా ఒట్టి మందతో బతికినవాళ్లు హిందూపురానికో బెంగుళూరుకో వెళ్లిపోయారట. ఆ ఇళ్లకు తాళాలు వేసున్నాయి.

టీ తాగాక నేను వచ్చిన పని చెప్పాను. మడికేరి వైపు అమ్మాయి, తెలుగు రాదు, సంగటి తిన్న అలవాటు లేదు, మీ ఇంట్లో పెట్టుకుంటావా అని అడిగాను. గంగమ్మ గ్లాసులు తీసుకెళ్లి కడిగి బోర్లించి వచ్చి కూర్చుంది.

"పిల్లను పెట్టుకునేదేం పెద్ద మాట కాదు. అయితే నేనొకటి అడగల్ల నిన్ను."

"అడుగక్కా."

"ఆడ ఇంకా మందలు ఉండాయా?"

"ఉన్నాయి."

"బయట తిరిగి మేస్తాండాయా? కంచెలు లేకుండా?"

"నేనున్న ఊళ్లో అయితే మేస్తున్నాయి."

"అయితే నన్ను పంపీ."

నేను నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయాను. "ఎగతాళి కాదు సుజాతా" అందామె. "పొద్దున లేస్తాను. ఇల్లు ఊడుస్తాను, వంట చేస్తాను. ఎండ ఎక్కకముందే పనంతా అయిపోతాది. మల్ల టీవీ ముందర కుచ్చుంటాను. ఈ చేతులు చూడు, మెత్తగైపోయినాయి. పాప చదువుకుంటాండాది, ఈయన డ్యూటీకి పోతాడు. నాకు తెలిసిన పని ఒకటే, అది ఈడ లేదు. ఆడ ఉండాదంటాండావు. రెండేళ్లే కదా. పోయి, చేతనైంది చేసి వస్తా."

నాకు తోచిన అడ్డంకులన్నీ చెప్పాను. సంస్థ డిగ్రీ చదివినవాళ్లనే తీసుకుంటుంది, ఆమెది ఎస్సెల్సీ, అంటే పదో తరగతే. కొత్త భాష. అంత దూరం. ప్రతిదానికీ ఆమె తల ఊపింది, ఒక్కదానికీ వెనక్కి తగ్గలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన నాగరాజప్పను అడిగాను, నువ్వేమంటావని. ఆయన టోపీ తీసి మేకుకు తగిలించి, "నన్ను అడిగేదేముండాది? బండి నేర్చుకునేటప్పుడు అడిగిందా?" అన్నాడు. మళ్లీ తనే, "పోనీప్పా. గొర్లు పోయినప్పటినుంచి ఈమె గట్టిగా కేకేసింది నేను విన్యానా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

సంస్థలో పెద్దవాళ్లతో చాలా మాట్లాడాల్సి వచ్చింది. మేడం ఇప్పుడు తుమకూరులో ఉంటోంది, మోకాళ్ల నొప్పులు, ఎక్కడికీ కదలదు. ఫోను చేసి చెబితే, "మీ గంగమ్మా? పదేళ్లు ఆలస్యం చేశారు కదమ్మా మీరిద్దరూ" అని కోప్పడింది. ఆమె కూడా పైవాళ్లతో మాట్లాడింది. చివరికి ఒప్పుకున్నారు. మడికేరి అమ్మాయికి వెంకటమ్మనహళ్లిలో ఇల్లు దొరికింది. గంగమ్మను శిక్షణకు మంగళవాడ పంపాను, మా అమ్మ దగ్గరికే. అమ్మ ఫోనులో ఒకటే ఫిర్యాదు, ఈమె వచ్చినప్పటి నుంచి తనకు చేయడానికి పనే మిగలడం లేదని.

నిన్న గంగమ్మను పాస్‌పోర్టు ఫోటోకు పావగడ తీసుకెళ్లాను. బస్టాండు దగ్గర చిన్న స్టూడియో. పెళ్లి తర్వాత ఆమె స్టూడియోలో ఫోటో దిగడం ఇదే మొదటిసారట. కొత్త చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, తెల్ల తెర ముందు స్టూలు మీద వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. స్టూడియో ఆయన కెమెరాలోంచి చూసి, "నవ్వకూడదక్కా, పాస్‌పోర్టుకు నవ్వితే తీసుకోరు" అన్నాడు. ఆమె పెదాలు బిగించింది. ఆయన నొక్కబోయేసరికి మళ్లీ విచ్చుకున్నాయి. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ కూర్చుంది. మళ్లీ అదే. "అక్కా, కష్టమైన సంగతి ఏదైనా తలుచుకో" అన్నాడు ఆయన విసుగ్గా. "తలుచుకుంటానే ఉండానప్పా, నిలవడం లేదు" అంది గంగమ్మ. ఆయనకూ నవ్వు వచ్చింది, నాకూ వచ్చింది. బయట ఆటోల వాళ్లు అరుస్తున్నారు, ఫ్యాను గాలికి తెర ఊగుతోంది, ఆమె స్టూలు మీద కూర్చొని అట్లాగే నవ్వుతోంది. తీసిన ఫోటోల్లో ఒక్కటీ పనికిరాలేదు. రేపు పొద్దున మళ్లీ రమ్మన్నాడు.